ఇంటి పాలకు మూడు మేకలు: అనంతపురం ఎండల్లో సాకే పద్ధతి

ఇంట్లో పాలకు మేకలు పెట్టుకుందామన్న ఆలోచన రాగానే మా అనంతపురం వైపు చాలామంది మొదట అడిగేది జమునాపారి ఎక్కడ దొరుకుతుందని. వేలాడే చెవులు, రోజుకు రెండు లీటర్ల పాలు అని వినగానే మనసు అటే పోతుంది. జమునాపారి ఉత్తరప్రదేశ్‌లో ఇటావా వైపు మేక, బీటల్ పంజాబుది. రెండూ మంచి జాతులే. కాకపోతే అంత పాలు పిండాలంటే అంత మేతా వెయ్యాలి. ఇక్కడ మార్చి దాటితే వాన పడేదాకా పచ్చాకు దొరకడమే గగనం. పైగా లారీలో అంత దూరం వచ్చిన మేక మొదటి నెలలోనే దగ్గుతో, ఊపిరితిత్తుల జబ్బుతో పడిపోవడం మామూలు. ఇంటి అవసరానికైతే ఊరి మందలో పెరిగిన నల్ల నాటుమేకే మేలు. లేదంటే మహారాష్ట్ర మెట్టసీమ నుంచి వచ్చిన ఉస్మానాబాది. కరువు మేతకు, నలభై డిగ్రీల ఎండకు రెండూ అలవాటు పడినవే.

పాల లెక్క ముందే తెలిసి ఉంటే తరవాత నిరాశ ఉండదు. నాటుమేక రోజుకు అర లీటరు అటూ ఇటూ ఇస్తుంది. మేపు బాగుంటే ముప్పావు. ఉస్మానాబాది మంచిది దొరికితే లీటరు దాకా. అదీ ఈనిన తరవాత నాలుగైదు నెలలే, అందులో మొదటి నెల పాలు పిల్లలకే చాలవు. అంటే ఒక మేక మీద ఇంటికి పాలు వచ్చేది ఏడాదిలో మూడున్నర, నాలుగు నెలలు. అందుకే మూడు మేకలు ఉండాలంటాను. మూడింటినీ ఒకేసారి ఈననిస్తే నాలుగు నెలలు పాలు పొంగుతాయి, ఎనిమిది నెలలు ప్యాకెట్ పాలే గతి. ఈతలను ఎడంగా పెట్టుకుంటే ఏడాది పొడవునా కాఫీకి, టీకి, ఒక బిడ్డకు గ్లాసుడు పాలకు కొదవుండదు.

మేక చూలు 150 రోజులు, ఐదారు రోజులు అటూ ఇటూ. ఒక మేకను జూన్ ఆఖర్లో దాటిస్తే, అంటే పోతుతో కలిపిస్తే, నవంబరు ఆఖరుకు ఈనుతుంది. రెండోదాన్ని అక్టోబరు నడుమ దాటిస్తే మార్చి నడుమ, మూడోదాన్ని ఫిబ్రవరి నడుమ దాటిస్తే జులైలో ఈనుతాయి. మన నాటుమేకలు ఏడాది పొడవునా ఎదకు వస్తాయి కాబట్టి ఇది కుదిరే పనే. వీటిలో మార్చి ఈత గడ్డుది. పాలిచ్చే రోజులన్నీ ఎండల్లోనే పడతాయి. ఆ వంతు రెండు మూడు ఈతలు దాటిన గట్టి మేకకు ఇవ్వాలి, తొలిచూలు దానికి కాదు. తొలిచూలుకు నవంబరు మంచిది. అప్పటికి కొత్త వేరుశనగ కట్టె (కాయ వలిచాక మిగిలే ఎండుతీగ, ఆకు) ఇంటికి చేరుతుంది, చలీ భరించగలిగినంతే ఉంటుంది.

కొనడం సంతలో వద్దు. పది ఊళ్ళ మేకలు ఒకచోట చేరే చోట రోగాలూ చేరతాయి, మేక పాలెన్నో చెప్పే నాథుడూ ఉండడు. మంద ఉన్న కాపరి దగ్గరికి పొద్దున్నే, పిల్లల్ని విడవకముందే వెళ్ళాలి. రెండో ఈతో మూడో ఈతో అయిన మేకను చూపించమని, మీ కళ్ళెదుటే పిండించుకోవాలి. పిండిన తరవాత పొదుగు ఖాళీ సంచిలా మెత్తగా జారిపోవాలి. లోపల గడ్డల్లా తగిలితే పాత పొదుగువాపు ఉన్నట్టే, అటువైపు పాలు ఇక రావు. చన్నులు రెండూ సమానంగా, రెండు వేళ్ళు పట్టేంత పొడవుండాలి. కింది కనురెప్ప తిప్పి చూస్తే లోపల ఎర్రగానో ముదురు గులాబీగానో ఉండాలి, తెల్లబారితే కడుపులో పురుగులు రక్తం తాగుతున్నాయని అర్థం. తోక కింద పారుడు మరకలు ఉండకూడదు. వయసు ముందుపళ్ళే చెబుతాయి: రెండు పెద్దపళ్ళు వస్తే ఏడాది దాటింది, నాలుగుంటే రెండేళ్ళు, ఆరుంటే మూడేళ్ళు, ఎనిమిదీ నిండితే నాలుగేళ్ళ పైమాట. నాలుగు, ఆరు పళ్ళవి కొనుక్కోవడం మేలు. ఇంటికి తెచ్చాక పాతవాటితో కలపకుండా మూడు వారాలు వేరే కట్టాలి, నీళ్ళ తొట్టి కూడా వేరే.

ఒక్క మేకను పెంచుదామనుకునేవాళ్ళు ఆ ఆలోచన మానుకోవాలి. మేక మందజీవి. ఒంటరిగా కట్టేస్తే గొంతు పోయేదాకా అరుస్తుంది, మేత మానేస్తుంది, పాలు తగ్గిస్తుంది. తోడుంటే అదే మేక మధ్యాహ్నం వేపచెట్టు కింద నెమరు వేసుకుంటూ హాయిగా పడుకుంటుంది. జబ్బు చేసినదాన్ని వేరు చేసినా మిగతావి దానికి కనబడేంత దూరంలోనే కట్టాలి. మనుషులతో వాటి చనువు కూడా చిన్నది కాదు. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూత తెరుచుకోని డబ్బాలో తిండి పెట్టి మేకల ముందు ఉంచితే, అవి పక్కనున్న మనిషి ముఖంలోకి చూసి సాయం అడిగినట్టు నిలబడ్డాయి. మేకల్ని సాకేవాళ్ళు రోజూ చూసేదే ఇది. గేటు గొళ్ళెం చప్పుడు, ఇంట్లో ఎవరి గొంతు ఎవరిదో వాటికి బాగా తెలుసు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. పిల్ల మేక నుదురు నెట్టి ఆడుకోవడం పిల్లలకు ముచ్చటే, కానీ నుదురు నెట్టడమంటే మేకల లెక్కలో పోట్లాటకు రమ్మనడం. ముప్పై కిలోలయ్యాక అదే మేక ముసలివాళ్ళ మోకాళ్ళ మీద కుమ్ముతుంది. గొంతు కింద, మెడ పక్కన గోకండి, నుదురు జోలికి పోకండి.

కొట్టం పెద్దది అక్కర్లేదు. మూడు మేకలకూ వాటి పిల్లలకూ పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు సరిపోతుంది. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి నేరుగా కొట్టదు. రేకులు వేస్తే కనీసం తొమ్మిదడుగుల ఎత్తున వేసి, మార్చి రాగానే పైన బోదో కొబ్బరి మట్టలో కప్పాలి. మన పొడి వాతావరణంలో చెక్కల మంచె లేకున్నా నడుస్తుంది, వాలు ఉన్న గట్టి మట్టినేల చాలు. మూత్రం నిలవకుండా చూసుకుంటూ పదిహేను రోజులకోసారి సున్నం చల్లి, ఏడాదికోసారి పైమట్టి మూడంగుళాలు తీసేసి కొత్తమట్టి పొయ్యాలి. తీసిన మట్టి చెట్ల పాదులకు బంగారం. చౌకగా దొరుకుతాయని కడప బండలో తాడిపత్రి బండలో నేలంతా పరిచేస్తారు కొందరు. మూత్రం పడితే వాటి మీద గిట్టలు జారతాయి, చూడి మేక కాళ్ళు విడిపోయి పడితే లేవదు. ఆ బండ ఒక్కటి తెచ్చి గోడవారగా అడుగున్నర ఎత్తున అరుగులా నిలపండి. మేకలకు ఎత్తు మీద పడుకోవడమంటే ప్రాణం, పాలు పిండడానికీ అదే పీట అవుతుంది.

కంచె నాలుగున్నర అడుగులు. జాలీ కన్ను మరీ పెద్దదైతే కొమ్ముల మేక తల దూర్చి వెనక్కి తీయలేక అక్కడే ఉండిపోతుంది. పట్టణం అంచుల్లో మేకలకు రోగాల కంటే పెద్ద ముప్పు వీధికుక్కలు, రాత్రికి తలుపు గట్టిగా పడాలి. పగలు కట్టేసేటప్పుడు మెడకు జారుముడి వెయ్యకూడదు. పట్టీ వేసి, తాడు మెలిపడకుండా తిరిగే కొక్కెం పెట్టాలి.

మేత సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పాలన్నీ అక్కడే ఉన్నాయి. మేక ఆవులా నేలమీద గడ్డి మేసే జంతువు కాదు, తల పైకెత్తి కొమ్మ అందుకునే జంతువు. నేలమీద వేసి తొక్కిన మేతను మళ్ళీ ముట్టదు. అందుకే రొట్ట కట్ట కట్టి దాని తల ఎత్తున వేలాడదీయాలి. తుమ్మ, రేగు, వేప, అవిసె, రావి, చింత చిగురు కొమ్మలు మార్చి మార్చి ఇవ్వాలి. సుబాబుల్ మంచి మేతే గానీ అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది, మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి. ఎండాకాలంలో రాలే తుమ్మకాయలు ఏరి దాచుకుంటే పిడికెడు చొప్పున రోజూ వెయ్యొచ్చు. ముప్పై కిలోల మేకకు రోజుకు పచ్చిరొట్ట మూడు నాలుగు కిలోలు, ఎండుమేత ముప్పావు కిలో ఉజ్జాయింపు లెక్క.

ఎండుమేతంటే మనకు వేరుశనగ కట్టె. అనంతపురానికి ఇంతకు మించిన మేకమేత లేదు. వరిగడ్డి మేకకు కడుపు నింపుతుందే తప్ప పాలివ్వదు. వేరుశనగ కట్టెలో ఆకు ఉంది కాబట్టి మాంసకృత్తులూ ఉంటాయి. మూడు మేకలు రోజుకు రెండు కిలోల పైచిలుకు తింటాయి, పావు వంతు పారేస్తాయి. నవంబరు నుంచి జూన్ దాకా ఎనిమిది నెలలకు ఆరేడు క్వింటాళ్ళు కావాలి. కాయ వలిచే రోజుల్లో రైతు దగ్గరే కొనాలి, మార్చిలో వెతికితే ధర రెట్టింపు చెబుతారు. కొనేముందు కట్టను విప్పి నడుమ చేయి పెట్టి చూడండి. పైన పసుపు పచ్చగా ఉన్నా పీకేటప్పుడు వానకు తడిసిన కట్టె లోపల నల్లబడి, ముక్కుకు మట్టి వాసన కొడుతుంది. చేత్తో నలిపితే తెల్లటి దుమ్ము లేస్తుంది, అది బూజు. దాన్ని చూడి మేకకు అసలు పెట్టకూడదు. మంచి కట్టె నలిపితే ఆకు గలగలమని పొడి అవుతుంది. వామి నేలకు తగలకుండా కింద రాళ్ళమీద కర్రలు పేర్చి వేసుకోవాలి, ప్రతిరోజూ వేసేముందు ఒకసారి విదిలిస్తే ఎర్రమట్టి రాలిపోతుంది. ఆ మట్టి రోజూ కడుపులోకి పోతే ఒకనాటికి అరుగుదల చెడుతుంది.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. పది కిలోలకు: జొన్న నూకో మొక్కజొన్న నూకో 4 కిలోలు, వేరుశనగ చెక్క రెండున్నర, తవుడు 2, కంది పొట్టు 1 కిలో 200 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. పాలివ్వని మేకకు రోజుకు 200 గ్రాములు చాలు. అర లీటరు ఇచ్చేదానికి 400, రెండు పూటలుగా. చెక్క విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. వేరుశనగ చెక్క చెమ్మపట్టి బూజు వస్తే అందులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది, అది పాలలోకీ దిగుతుంది. మరిగించినా పోదు. నెలకు సరిపడా మించి కొనకండి, ఆకుపచ్చ మచ్చ కనబడిన ముక్కను ఏరి పక్కన పెట్టడం కాదు, ఆ సంచి మొత్తం పారబొయ్యాలి.

వద్దన్నవి వద్దే. వాన ఆగి వాడిన లేత జొన్న, కోసిన జొన్న మోళ్ళ నుంచి వచ్చే పిలకలు, అంటే నాము, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. ఊపిరి ఎగబీల్చడం, చిగుళ్ళు మరీ ఎర్రబడడం దాని గుర్తు. సోడియం థయోసల్ఫేట్ సూదిమందు ఉంది, డాక్టరు సమయానికి అందితేనే. రోడ్డు డివైడర్లలో గన్నేరు కత్తిరించి పడేసిన కొమ్మలు మేకలకు అందనివ్వకండి, కొద్ది ఆకు చాలు గుండె ఆగడానికి. ఆముదం గింజలు, ఉమ్మెత్త కూడా అంతే. ఇక ఇరుగుపొరుగు ప్రేమతో తెచ్చే పెళ్ళి అన్నం, చద్దన్నం. అలవాటు లేని మేక ఒక గిన్నెడు అన్నమో, సంచి చించి దాణానో తింటే కడుపు పులుస్తుంది. ఎడమ డొక్క ఉబ్బి, పళ్ళు కొరుకుతూ, నీళ్ళలా పారుతూ ఒకటిన్నర రోజులో పడిపోతుంది. వెంటనే 15 గ్రాముల వంటసోడా గ్లాసు నీళ్ళలో కలిపి నెమ్మదిగా తాగించి, ఎండుకట్టె తప్ప ఏమీ పెట్టకుండా డాక్టరుకు చూపించాలి. ఏ దాణా మార్చినా పది రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చాలి.

నీళ్ళు ఎండాకాలంలో ఒక్కో మేక ఐదారు లీటర్లు తాగుతుంది, పాలిచ్చేది ఇంకా ఎక్కువ. పెంటికలు పడిన నీళ్ళు ముట్టదు. తొట్టిని అడుగున్నర ఎత్తున పెట్టండి.

పాలు పిండడం ఈనిన మూడు నాలుగు వారాల తరవాత మొదలుపెట్టాలి. రాత్రి ఎనిమిదికి పిల్లల్ని వేరు చేసి, పొద్దున ఆరుకు తల్లిని అరుగెక్కించి, దాణా ముందు పెట్టి పిండి, ఆపైన పిల్లల్ని రోజంతా తల్లితో వదిలెయ్యాలి. ఒక్క పూటే పిండుతాం కాబట్టి పిల్లలు ఎండవు, మనకూ పాలుంటాయి. గోరువెచ్చని నీళ్ళతో పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవాలి. మొదటి రెండు ధారలు నల్లటి పళ్ళెంలో పిండి చూస్తే పలుకులు, చారలు ఉన్నాయేమో తెలుస్తుంది, ఉంటే పొదుగువాపు మొదలైనట్టు. బొటనవేలు, చూపుడువేలు చన్ను పైభాగాన మూసి, పాలు తిరిగి పైకి పోకుండా పట్టి, కింది వేళ్ళను ఒకదాని తరవాత ఒకటి మూయాలి. లాగకూడదు. లాగితే లోపలి కండ చిట్లుతుంది. ధార సన్నబడగానే పిల్ల పొడిచినట్టు పిడికిలితో పొదుగును రెండుసార్లు మెత్తగా ఎత్తి వదిలితే మళ్ళీ చేపుతుంది. వెన్న ఎక్కువగా ఆ చివరి పాలలోనే ఉంటుంది. పక్కనుంచి కూర్చుని పిండాలి, వెనకనుంచి కూర్చుంటే పెంటికలు చెంబులో పడతాయి. చివరికి పోవిడోన్ అయొడిన్ ద్రావణంలో చన్నుకొన ముంచి వదలాలి.

పాలకు మేకవాసన వస్తుందని వద్దనేవాళ్ళు ఎక్కువ. వాసన చాలావరకు పోతుది. పోతు మేకలతో ఒకే కొట్టంలో ఉంటేనే అంత వాసన పడుతుంది. ఇంట్లో పోతును పెంచకండి, ఎదకొచ్చినప్పుడు మంద దగ్గరికి తోలుకుపోతే చాలు. మిగిలింది గిన్నె శుభ్రం, వెంటనే వడగట్టడం. పాలు మరిగించే తాగాలి, పచ్చిపాలు ఏ జబ్బుకూ మందు కాదు. మేకల నుంచి మనుషులకు సోకే బ్రూసెల్లా జ్వరం పచ్చిపాల నుంచీ వస్తుంది. డెంగీ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మేకపాలకు పరుగులు పెడతారు, అందుకు ఆధారం లేదు. ఏడాది లోపు పసిబిడ్డకు తల్లిపాల బదులు ఇవి పట్టకూడదు, ఫోలిక్ యాసిడ్ చాలా తక్కువ కాబట్టి రక్తహీనత వస్తుంది. పెద్దవాళ్ళకు, ఎదిగే పిల్లలకు చక్కగా అరుగుతాయి. పెరుగు మాత్రం ఆవుపాలదంత గట్టిగా తోడుకోదు.

ఎద 21 రోజులకోసారి వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది. ఊరికే అరవడం, తోక గబగబా ఆడించడం, జిగురు కనబడడం, పాలు హఠాత్తుగా తగ్గడం గుర్తులు. గుర్తు పట్టిన పన్నెండు గంటలకు ఒకసారి, మర్నాడు ఒకసారి దాటించి తారీకు గోడమీద రాయండి. చివరి రెండు నెలలు పాలు పిండకూడదు. పిల్లలు కడుపులో బాగా పెరిగేది ఆ రెండు నెలల్లోనే. ఈనేటప్పుడు ముందు రెండు కాళ్ళు, వాటిమీద మూతి కనబడితే చేయి పెట్టనక్కర్లేదు. ముప్పావు గంట గట్టిగా ముక్కినా ఏమీ రాకపోతే డాక్టరును పిలవాలి. బొడ్డుకు టించర్ అయొడిన్ పూసి, మొదటి గంటలోనే ముర్రుపాలు తాగించాలి. మాయ పన్నెండు గంటల్లో దానంతటదే పడుతుంది, లాగితే గర్భసంచి చినుగుతుంది.

టీకాల్లో రెండు తప్పనిసరి. పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే చిటుక రోగానికి ఏటా తొలకరికి ముందు, మొదటిసారి అయితే రెండు మూడు వారాలకు రెండో మోతాదు కూడా. జ్వరం, పారుడుతో మందంతా పాకే పీపీఆర్‌కు నాలుగు నెలల వయసు దాటాక ఒకటి, అది మూడేళ్ళు కాస్తుంది. పశువైద్యశాలలో అడిగితే వేస్తారు, ఇంటికి వాహనం కావాలంటే 1962కు ఫోన్ చెయ్యాలి. పురుగుల మందు నెలనెలా పట్టడం మంచిది కాదు, మందుకు పురుగులు అలవాటు పడిపోతాయి. పదిహేను రోజులకోసారి కనురెప్పలు చూసి, తెల్లబడ్డవాటికే పట్టాలి. మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది, కాటా లేకుంటే టేపు చాలు. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం నుంచి పిరుదు దాకా పొడవుతో మళ్ళీ గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 28, పొడవు 24 ఉన్న మేక 28 కిలోల పైన తూగుతుంది. చూలు మొదటి నెలన్నరలో అల్బెండజోల్ అనే పురుగుల మందు పట్టకూడదు, పిల్ల అవిటిది కావచ్చు.

మూడు మేకలంటే ఏడాదికి నాలుగైదు పిల్లలు, అందులో సగం పోతులు. ఈ సంగతి ఇంట్లో పిల్లలకు మొదటి ఈతకు ముందే చెప్పి ఉంచాలి. పేరు పెట్టి చంకనేసుకున్న పోతుపిల్లను జాతరకో బక్రీదుకో అమ్మేనాడు ఇల్లంతా ఏడుస్తుంది. పెంటిపిల్లల్లో మంచిదాన్ని ఒకదాన్ని ఉంచుకుని, ముసలిమేక స్థానంలో ఎదగనివ్వాలి. తన తండ్రి పోతుకు మళ్ళీ దాటించకుండా వేరే మంద పోతును చూసుకోవాలి. పోతుపిల్లల్ని పాలు మాన్పిన మూడు నెలలకే సాకుకునేవాళ్ళకు ఇచ్చెయ్యడం నాకు నచ్చిన దారి. తోడుగా ఒక పోతును ఉంచుకోవాలనుకుంటే డాక్టరుతో విత్తు కొట్టించి, దాణా, తవుడు పెట్టకుండా రొట్ట మీదే పెంచండి. గింజ ఎక్కువైతే దానికి మూత్రంలో రాళ్ళు కట్టి, ఒంటేలు ఆగిపోతుంది.